తియాన్‌వెన్: ఆకాశాన్ని నిలదీసిన చైనా కావ్యం – తరచుగా అడిగే ప్రశ్నలు

తియాన్‌వెన్ అంటే ఏమిటి?

రెండు వేల మూడు వందల ఏళ్ల కిందట దక్షిణ చైనాలోని చూ రాజ్యంలో పుట్టిన పెద్ద పద్యం. ‘ఆకాశ ప్రశ్నలు’ అనుకోవచ్చు. 370కి పైగా పాదాలు, 1,500 పైచిలుకు చైనీస్ అక్షరాలు, 170కి పైగా ప్రశ్నలు. ఎక్కువ పాదాల్లో నాలుగేసి అక్షరాలే ఉంటాయి. చాలాచోట్ల నాలుగు పాదాలు ఒక గుత్తిగా ప్రాసతో నడుస్తాయి. మొదటి మూడో వంతు ఆకాశం, భూమి గురించి. మిగతాదంతా రాజులు, వంశాలు, యుద్ధాలు, ద్రోహాలు. ఇన్ని ప్రశ్నలు అడిగి కవి ఎక్కడా జవాబు చెప్పడు. చూ రాజ్యపు కవితలు చేర్చిన ‘చూ గీతాలు’ అనే సంకలనంలో ఇది మనకు దొరుకుతుంది.

దీన్ని రాసిందెవరు? గుడి గోడల కథ నిజమేనా?

సంప్రదాయం ప్రకారం ఛ్యూ యువాన్. క్రీ.పూ. 340 ప్రాంతంలో పుట్టి, క్రీ.పూ. 278 ప్రాంతంలో మిలువో నదిలో దూకి ప్రాణం తీసుకున్నాడని చెబుతారు. చూ రాజు హువాయ్ దగ్గర మంత్రిగా పనిచేశాడు. తోటివాళ్లు చెప్పిన చాడీల వల్ల రాజు నమ్మకం పోగొట్టుకుని దేశ బహిష్కారానికి గురయ్యాడు. చైనాలో ఇప్పటికీ ప్రతి ఏడూ జరిగే డ్రాగన్ పడవల పండగ ఆయన పేరుతో ముడిపడిందే. చరిత్రకారుడు సిమా చియెన్ తాను చదివిన ఛ్యూ యువాన్ రచనల్లో తియాన్‌వెన్‌ను పేరు పెట్టి చెప్పాడు.

గోడల కథ తర్వాతిది. క్రీ.శ. 2వ శతాబ్దంలో ఈ సంకలనానికి వ్యాఖ్యానం రాసిన వాంగ్ యీ చెప్పిందది. అడవుల వెంట తిరుగుతూ కవి చూ రాజుల పాత గుళ్ల దగ్గరికి వచ్చాడట. గోడల మీద ఆకాశం, భూమి, కొండలు, నదులు, దేవతలు, పూర్వపు రాజుల బొమ్మలు చూసి, ఒక్కో బొమ్మ కింద ఒక్కో ప్రశ్న రాశాడట. అక్షరాలా ఇట్లాగే జరిగిందని ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఆ కాలపు చూ ప్రాంతంలో ఇట్లాంటి బొమ్మలు నిజంగానే ఉండేవి. 1978లో హూబే రాష్ట్రంలోని సుయ్‌జోవులో తవ్విన ఒక సామంతుడి సమాధి క్రీ.పూ. 433 నాటిది. అందులో దొరికిన లక్క పెట్టె మూత మీద సప్తర్షి మండలం పేరు చుట్టూ 28 నక్షత్ర మండలాల పేర్లు రాసి, అటూ ఇటూ డ్రాగన్‌నూ పులినీ వేశారు. మరో పెట్టె మీద చెట్టు మీది పక్షుల్ని బాణంతో కొడుతున్న విలుకాడు ఉన్నాడు. పది సూర్యుల్లో తొమ్మిదింటిని కూల్చిన వీరుడు యీ ఇతనేనని చాలామంది అంటారు. సూర్యుడిలో కాకి ఉంటుందని అప్పటి నమ్మకం. ‘యీ సూర్యుల్ని ఎక్కడ కొట్టాడు, ఆ కాకుల ఈకలు ఎక్కడ రాలాయి?’ అని తియాన్‌వెన్ అడుగుతుంది. పెట్టె మీది బొమ్మ, ఆ ప్రశ్న పక్కపక్కన పెట్టి చూస్తే వాంగ్ యీ మాట కొట్టిపారేయాలనిపించదు.

విశ్వం పుట్టుక గురించి ఇందులో ఏముంది?

ముందు మొదటి నాలుగు ప్రశ్నలు చూడండి:

అన్నిటికీ ముందున్న ఆ తొలినాటి సంగతి, ఎవరు చెప్పగా మనదాకా వచ్చింది?
పైనా కిందా ఇంకా రూపు కట్టకముందు, దాన్ని దేంతో పరీక్షించి చూశారు?
చీకటీ వెలుగూ కలగలిసి మసకగా ఉన్నప్పుడు, అందులో ఎవరి చూపు ఆనింది?
ఆకారం లేక ఊరికే కదులుతున్నదాన్ని, ఎట్లా గుర్తుపట్టారు?

ప్రపంచం ఎట్లా పుట్టిందన్న ప్రశ్న కాదిది. అట్లా పుట్టిందని చెప్పేవాళ్లకు ఆ సంగతి ఎట్లా తెలిసిందన్నది ప్రశ్న. సాక్షి ఎవరు? చూసినవాడు లేనప్పుడు ఆ కథకు ఆధారమేమిటి? పూర్వీకుల మాట మీద గౌరవం ప్రాణప్రదమైన సమాజంలో, ఒక మంత్రి తన పద్యాన్ని ఈ మాటలతో ఎత్తుకోవడం చిన్న సాహసం కాదు. మొత్తం కావ్యంలో ఈ నాలుగు ప్రశ్నలే నాకు అన్నిటికన్నా గొప్పవిగా అనిపిస్తాయి.

తర్వాత పనితనం వైపు మళ్లుతాడు. ఆకాశానికి తొమ్మిది అంతస్తులంటారు, వాటిని కొలిచిందెవరు, కట్టిందెవరు? అది తిరిగే ఇరుసు తాడు దేనికి కట్టారు? ఆకాశాన్ని మోసే ఎనిమిది స్తంభాలు ఎక్కడ నిలబడ్డాయి, ఆగ్నేయం వైపు ఎందుకు తక్కువైంది? ఈ చివరి ప్రశ్న వెనక ఒక కథ ఉంది. గోంగ్‌గోంగ్ అనేవాడు కోపంతో కొండను ఢీకొడితే నేల ఆగ్నేయానికి ఒరిగిపోయిందట, అందుకే చైనా నదులు అటు పారతాయట. కవి ఆ కథనూ వదల్లేదు: ‘అతనికి కోపమొస్తే నేల ఎందుకు ఒరగాలి?’

తెల్లవారి లోయలోంచి బయల్దేరి, సాయంత్రం నీటి అంచున వాలేలోపు సూర్యుడు ఎన్ని ‘లీ’ల (చైనా దూరపు కొలత) దూరం నడుస్తాడు? చంద్రుడికి ఏం మహిమ ఉంది, చచ్చిపోయి మళ్లీ పుడతాడు? కొమ్ము నక్షత్రం దగ్గర ఇంకా తెల్లవారకముందు సూర్యుడు ఎక్కడ దాక్కుంటాడు? ఈ కొమ్ము నక్షత్రం మనకు కొత్తదేమీ కాదు, మన చిత్తా నక్షత్రమే. చైనావాళ్లు దాన్ని ఆకాశంలోని డ్రాగన్ కొమ్ముగా చూశారు.

అప్పటి చైనాలో విశ్వోత్పత్తి గురించి వేరే ఆలోచనలు ఉండేవా?

ఉండేవి, అదీ కవి ఇంటి ముంగిట్లోనే. 1993లో చూ రాజధానికి దగ్గర్లోని గువోదియెన్ అనే చోట ఒక సమాధిలో వెదురు బద్దల మీద రాసిన గ్రంథాలు బయటపడ్డాయి. దాదాపు క్రీ.పూ. 300 నాటివి, అంటే ఛ్యూ యువాన్ బతికున్న రోజులవి. వాటిలో ఒకటి విశ్వం పుట్టుకను వరసగా చెబుతుంది: ‘మహా ఏకం’ నీటిని పుట్టించింది, నీరు తిరిగి దానికి తోడై ఆకాశాన్ని చేసింది, ఆకాశం తోడై భూమి, ఆ తర్వాత వెలుగునీడలు, రుతువులు, వేడీ చలీ, తడీ పొడీ, చివరికి సంవత్సరం. చక్కగా మెట్టు మీద మెట్టు కట్టిన జవాబు.

అదే నేల మీద, అదే కాలంలో ఒకరు ఇంత నిబ్బరంగా జవాబు రాస్తుంటే ఇంకొకరు ‘నీకెవరు చెప్పారు?’ అంటున్నారు. ఛ్యూ యువాన్ ఆ గ్రంథాన్నే చదివి ఉండాలని లేదు. కానీ ఆయన అడుగుతున్నది గాలిలోకి కాదు, చుట్టూ జవాబులు సిద్ధంగా ఉన్న లోకంలో అడుగుతున్నాడు.

గుడ్డులోంచి పుట్టిన పాంగు కథ ఇందులో ఉందా?

లేదు. గుడ్డులాంటి అయోమయంలో పుట్టి ఆకాశాన్నీ భూమినీ విడదీసిన పాంగు పేరు పుస్తకాల్లో కనిపించేది క్రీ.శ. 3వ శతాబ్దం నుంచే. చైనా సృష్టి కథ అనగానే అందరూ ఆ కథే చెబుతారు కానీ, తియాన్‌వెన్ దానికన్నా అయిదారు వందల ఏళ్లు ముందుది. ఇందులో ఉన్నది న్యూవా అనే దేవత. ఆమె మట్టితో మనుషుల్ని చేసిందని తర్వాతి కథలు చెబుతాయి. ఇక్కడి ప్రశ్న ఏమిటంటే: ‘న్యూవాకూ ఒక ఒళ్లుంది కదా, మరి ఆమెను ఎవరు చేశారు?’

చంద్రుడిలో కుందేలు మన దేశం నుంచి వెళ్లిందా?

చంద్రుడి కడుపులో ఏదో జంతువు ఎందుకు ఉందని తియాన్‌వెన్ అడుగుతుంది. పాత వ్యాఖ్యాతలు అది కుందేలన్నారు. 20వ శతాబ్దపు కవి, పండితుడు వెన్ యిదువో మాత్రం అది కప్ప అని వాదించాడు. చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్‌లో 1972లో బయటపడ్డ పట్టు పటం మీద రెండూ ఉన్నాయి. ఆ పటం క్రీ.పూ. 2వ శతాబ్దానిది, ఒక సామంతుడి భార్య శవపేటిక మీద పరిచింది. కుడి పైమూల ఎర్రటి సూర్యుడిలో నల్ల కాకి, ఎడమ పైమూల నెలవంక మీద లావుపాటి కప్ప, దాని పైన పరుగెడుతున్న కుందేలు.

మనకు చంద్రుడు శశాంకుడు. జాతక కథల్లో తన ఒంటినే ఆహారంగా ఇచ్చిన కుందేలు కూడా ఉంది. వాల్మీకి రామాయణాన్ని చైనీస్‌లోకి తెచ్చిన సంస్కృత పండితుడు జి షియాన్‌లిన్ ఈ కుందేలు భారతదేశం నుంచే వచ్చిందని వాదించాడు. కాకపోతే పౌర్ణమి నాటి మచ్చలు ఎవరు చూసినా అవే కదా, రెండు చోట్లా ఎవరికి వారే కుందేలును చూసి ఉండొచ్చు కూడా. వ్యాపారులూ భిక్షువులూ తిరగడం మొదలయ్యాక కథలు కలిశాయనడం వరకు ఇబ్బంది లేదు.

కవి ఒక్క జవాబైనా ఎందుకు ఇవ్వలేదు?

ప్రశ్నలు ఎటు పోతున్నాయో చూస్తే కొంత అర్థమవుతుంది. నక్షత్రాల నుంచి కిందికి దిగి ఆయన మొదట ఆగేది గున్ దగ్గర. వరదల్ని ఆపడానికి ప్రయత్నించి, విఫలమై, దేవుడి చేత శిక్ష పడినవాడు గున్. లోకం అతన్ని దోషి అంది. ఆ పని అతని చేత కాదంటే మరి జనం అతని పేరే ఎందుకు చెప్పారని కవి అడుగుతాడు. అతను అనుకున్నట్టు పని నెరవేరుతుంటే దేవుడు ఎందుకు దండించాడని కూడా. అతని కొడుకు యూ అదే పని పూర్తి చేసి మహారాజయ్యాడు.

ఇంకా ముందుకు పోతే ఈ ప్రశ్న ఎదురవుతుంది: ‘ఆకాశం ఇచ్చే అధికారం ఇటూ అటూ తిరుగుతుంటుంది. అది ఎవరిని శిక్షిస్తుంది, ఎవరిని కాపాడుతుంది?’ నమ్మకంగా పనిచేసి వెళ్లగొట్టబడ్డ మనిషి అడిగే ప్రశ్న ఇది. సూర్యుడు ఎంత దూరం నడుస్తాడనే ప్రశ్న, మంచివాడికి కష్టం ఎందుకనే ప్రశ్న, రెండూ ఒకే గొంతులోంచి వస్తున్నాయి. పైన ఒక క్రమం ఉంటే కింద ఎందుకు లేదు? దానికి జవాబు చెప్పగల స్థితిలో ఆయన లేడు.

తర్వాతివాళ్లు ఎవరైనా జవాబులు రాశారా?

రాశారు. థాంగ్ కాలపు ల్యూ జోంగ్‌యువాన్ (773–819) ‘ఆకాశ సమాధానాలు’ అనే పద్యం రాశాడు. ఆయనకూ దాదాపు అదే గతి పట్టింది. 805లో ఆయన పాల్గొన్న సంస్కరణ ఉద్యమం కూలిపోయి, నేటి హునాన్ దక్షిణాన ఉన్న యోంగ్‌జోవుకు తరిమేశారు. పోయేదారిలో ఛ్యూ యువాన్‌కు నివాళిగా ఒక రచన కూడా చేశాడు. యోంగ్‌జోవులోనే పదేళ్లు గడిపాడు.

ఆయన జవాబులు సూటిగా ఉంటాయి. తొలినాటి సంగతి ఎవరు చెప్పారంటే, గాలి కబుర్లు చెప్పేవాళ్లు చెప్పారు అంటాడు. ఆదిలో ఉన్నది మూల ప్రాణశక్తి ఒక్కటే, అదే మారుతూ వచ్చింది, దాన్ని చేసినవాడంటూ ఎవరూ లేరు. తొమ్మిది అంతస్తుల్ని కట్టిన మేస్త్రీ కూడా లేడు.

అన్ని నీళ్లూ తూర్పుకు పారుతుంటే సముద్రం ఎందుకు నిండిపోదు అన్న ప్రశ్నకు ఆయన జవాబు నాకు చాలా ఇష్టం. తూర్పున చివరికి చేరిన నీరు మళ్లీ పడమటికి తిరిగి వస్తుంది. మట్టిలోని సన్న నాళాల్లోంచి ఇంకుతుంది, పొడి నేల దాహంతో పీల్చుకుంటుంది, మిగిలింది మళ్లీ ఊరి పారుతుంది. ఇట్లా తిరుగుతూ ఉంటే నిండేదెప్పుడు? ఆవిరి, వాన ఇందులో లేవు కాబట్టి మనం బళ్లో చదువుకున్న జలచక్రం కాదిది. కానీ నీరు ఒక చుట్టు తిరుగుతుందన్న ఊహ 9వ శతాబ్దపు పద్యంలో ఇంత స్పష్టంగా ఉంది.

మరి తర్వాతి కవిత్వం మీద అసలు ప్రభావం ఎక్కడ కనిపిస్తుంది?

సూటిగా అనుకరించినవాళ్లు ఉన్నారు. 5వ శతాబ్దపు జియాంగ్ యెన్ తియాన్‌వెన్ పద్ధతిలో ఆదికాలం గురించి ఒక రచన చేశాడు. అప్పటికి బౌద్ధం చైనాకు చేరింది కాబట్టి, న్యూవా, గోంగ్‌గోంగ్ కథలున్న చోటే కపిలవస్తు పేరూ, ‘బంగారు దేహం’ మూలం ఎవరు చెప్పగలరన్న మాటా వస్తాయి.

కానీ గొప్ప వారసత్వం ఇట్లాంటి అనుకరణల్లో లేదు. తర్వాతి కవులు తొమ్మిది అంతస్తుల్నీ ఎనిమిది స్తంభాల్నీ వదిలేసి అడిగే గొంతును మాత్రం తీసుకున్నారు. ప్రశ్న ఆకాశం మొత్తం నుంచి చంద్రుడి దగ్గరికి, చంద్రుడి నుంచి మనిషి దగ్గరికి వచ్చింది.

థాంగ్ కాలపు జాంగ్ రువోషూవి మనకు మిగిలింది రెండే కవితలు. వాటిలో వసంత రాత్రి నది మీద వెన్నెల గురించిన కవిత ఒకటి చాలు. మధ్యలో ఉన్నట్టుండి అడుగుతాడు: ‘ఈ నది ఒడ్డున చంద్రుణ్ణి మొదట చూసిన మనిషెవరు? నది మీది చంద్రుడు మనిషి మీద మొదట వెలిగింది ఏ ఏట?’ తియాన్‌వెన్ మొదటి ప్రశ్నలో సాక్షి లేడు. ఇక్కడ కవి ఆ తొలి సాక్షి కోసమే వెతుకుతున్నాడు. తర్వాత తరాలు తరాలుగా మనుషులు పుడుతూనే ఉంటారు, చంద్రుడు ఏటేటా అట్లాగే ఉంటాడు, ఎవరి కోసం ఎదురుచూస్తున్నాడో తెలియదు అంటాడు. ఆ వెంటనే కవిత ఊరికి దూరమైన ఒక మగవాడి వైపు, ఇంటి దగ్గర ఎదురుచూసే ఆడమనిషి వైపు తిరుగుతుంది. విశ్వం పుట్టుక గురించిన ప్రశ్న ఎడబాటు కవితలో ఇంత సహజంగా ఇమిడిపోవడం అంతకుముందు ఎక్కడా నాకు కనిపించలేదు. తియాన్‌వెన్‌కు టీక రాసిన వెన్ యిదువోయే ఈ కవితను శిఖరాల మీది శిఖరం అని మెచ్చుకున్నాడు.

లీ బై, సు షి చంద్రుణ్ణి అడిగిన కవితలు కూడా ఇదే దారిలోవా?

అవును. లీ బై మద్యం గిన్నె పట్టుకుని ఆగి, ‘నీలాకాశంలో చంద్రుడు ఎప్పటి నుంచి ఉన్నాడు?’ అని అడుగుతాడు. జియా చున్ అనే మిత్రుడు అడగమంటే అడిగానని శీర్షిక కింద ఆయనే రాసుకున్నాడు. తెల్ల కుందేలు ఏళ్ల తరబడి మందు నూరుతోంది, చంద్రుడి మీది దేవత చాంగ్‌అ అక్కడ ఒంటరిగా ఉంటోంది, పక్కింట్లో ఎవరున్నారు అని కూడా ఆరా తీస్తాడు.

సు షి 1076లో మీజోవులో అధికారిగా ఉన్నాడు. ఎనిమిదో నెల పౌర్ణమి, మనకు సాధారణంగా భాద్రపద పౌర్ణమి అయ్యే రోజు. రాత్రంతా తాగి, చాలా ఏళ్లుగా చూడని తమ్ముడు సు జె గుర్తొచ్చి రాశాడు. మొదటి మాటే ఆకాశాన్ని అడగడం: ‘నిండు చంద్రుడు ఎప్పటి నుంచి ఉన్నాడు? పైనున్న మేడల్లో ఈ రాత్రి ఏ సంవత్సరమో?’ చివరికి వచ్చేసరికి విశ్వం సంగతి పక్కకు పోయి, మనుషులు పదికాలాలు బతకాలి, వేల మైళ్ల దూరాన ఉన్నా ఇదే వెన్నెల పంచుకోవాలి అన్న కోరిక మిగులుతుంది. చైనాలో ఈ మాటలు రానివాళ్లు అరుదు.

ఇదంతా తియాన్‌వెన్ ప్రభావమేనని ఎట్లా చెప్పగలం?

అన్నిచోట్లా ఒకే ధైర్యంతో చెప్పలేం. జాంగ్ రువోషూ ఎక్కడా ఆ పేరెత్తలేదు. లీ బై, సు షి ‘చూ గీతాలు’ బాగా చదివినవాళ్లే గానీ, ఈ కవితల్లో ఆ ప్రస్తావన లేదు. అక్కడ చుట్టరికం గొంతులో ఉంది.

షిన్ చీజీ (1140–1207) విషయంలో అనుమానమే లేదు, స్వయంగా చెప్పుకున్నాడు. పౌర్ణమి రాత్రి తాగుతూ తెల్లవారబోతుంటే ఒక అతిథి, చంద్రుడి రాక కోసం ఎదురుచూసిన కవితలు చాలా ఉన్నాయి, సాగనంపే కవిత ఒక్కటీ లేదన్నాడట. అందుకని తియాన్‌వెన్ పద్ధతిలో ఇది రాస్తున్నానన్నాడు. మొదలు ఇట్లా: ‘ఈ రాత్రి చంద్రుడా, ఎక్కడికి పోతున్నావు? అవతల ఇంకో మనుషుల లోకం ఉందా, వాళ్లు ఇప్పుడే నిన్ను తూర్పున చూస్తున్నారా?’ చంద్రుడు సముద్రం అడుగు నుంచి పోతాడంటారు, మరి తిమింగలాలు ఆ మరకత మేడల్ని పగలగొట్టవా? కప్పకు ఈత వచ్చు, కుందేలు ఎట్లా నేర్చుకుంది? అంతా క్షేమమే అయితే మెల్లమెల్లగా కొక్కెంలా ఎందుకు అరిగిపోతాడు?

ఇక్కడ అస్తమిస్తున్న చంద్రుడు అవతల ఉదయిస్తుంటాడన్న ఊహ చూసి, చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడన్న సత్యం కవి ఊహకు అందిందని పండితుడు వాంగ్ గువోవెయ్ ఆశ్చర్యపోయాడు.

మన నాసదీయ సూక్తంతో పోల్చవచ్చా?

పోల్చకుండా ఉండటం కష్టం. రుగ్వేదం పదో మండలంలోని 129వ సూక్తం కూడా ‘నిజంగా ఎవరికి తెలుసు, ఎవరు చెప్పగలరు’ అని అడుగుతుంది. దేవతలు కూడా సృష్టి తర్వాతే వచ్చారు, మరి సాక్షి ఎవరు? పైనున్న అధ్యక్షుడికి తెలుసో, ఆయనకూ తెలియదో అని ముగుస్తుంది. సాక్షి లేడన్న పాయింట్ రెండింట్లోనూ ఒకటే. ఒకటి ఇంకోదాన్ని చూసి రాసిందనడానికి ఆధారం లేదు. సూక్తం ఏడు మంత్రాల్లో ఆ ప్రశ్న దగ్గరే నిలబడుతుంది, తియాన్‌వెన్ అక్కడి నుంచి రాజ్యాల్లోకి దిగుతుంది.

తెలుగువాళ్లకు పోతన గజేంద్రుడు కూడా గుర్తొస్తాడు. ‘ఎవ్వనిచే జనించు జగము’ అన్న పద్యం వినడానికి ప్రశ్నల వరసలా ఉన్నా, ఆ ‘ఎవ్వడు’లన్నీ చివరికి శరణు కోరే ఒకే ఒక్కడి మీద చేరతాయి. ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అన్నప్పుడు మాత్రం గజేంద్రుడి గొంతు ఛ్యూ యువాన్‌కు చాలా దగ్గరగా వస్తుంది. అక్కడ విష్ణువు పరుగున వస్తాడు. మిలువో ఒడ్డుకు ఎవరూ రాలేదు.

చరిత్రకారులకు ఈ పద్యం ఏమైనా ఉపయోగపడిందా?

చాలా. చైనా ప్రాచీన రాజవంశమైన షాంగ్ పూర్వీకుల గురించి ఇందులో కొన్ని ప్రశ్నలున్నాయి, వాటిలో పేర్లు వందల ఏళ్లపాటు ఎవరికీ అంతుపట్టలేదు. పైన చెప్పిన వాంగ్ గువోవెయ్ 1917లో షాంగ్ కాలంలో జోస్యం కోసం ఎముకల మీద చెక్కిన రాతలతో వాటిని పోల్చి చూశాడు. పశువుల మందను పోగొట్టుకున్న వాంగ్ హాయ్ అక్కడా ఇక్కడా దొరికాడు. వాంగ్ హెంగ్ అనే మరో పేరు సిమా చియెన్ జాబితాలో అసలు లేదు, కానీ తియాన్‌వెన్‌లో ఉంది, ఎముకల మీదా ఉంది. వెయ్యేళ్ల నాటి పేరును అధికారిక చరిత్ర మరిచిపోతే ఒక ప్రశ్న కాపాడింది.

అందరూ దీన్ని మెచ్చుకున్నారా?

లేదు. 1920లలో పండితుడు హు షి ఇందులో పొందిక లేదని, సాహిత్య విలువే లేదని తీసిపారేశాడు. చరిత్ర భాగంలో వరస తప్పిన చోట్లు ఉన్న మాట నిజమే. వెదురు బద్దల కట్లు తెగి ముందువెనకలయ్యాయని చాలామంది అంటారు. రచయిత లూ షున్ మాత్రం అంతకుముందే, ఆదికాలం నుంచి అల్ప విషయాల దాకా అన్నింటినీ అనుమానించి, పూర్వులు నోరెత్తని మాటల్ని భయం లేకుండా అన్నాడని ఛ్యూ యువాన్‌ను పొగిడాడు. నేను లూ షున్ పక్షం.

అంగారకుడి మీదికి వెళ్లిన తియాన్‌వెన్ ఇదేనా?

పేరు ఇక్కడిదే. చైనా తన గ్రహాంతర యాత్రలకు ఈ పద్యం పేరు పెట్టుకుంది. తియాన్‌వెన్-1ను 2020 జులై 23న హైనాన్‌లోని వెన్‌చాంగ్ నుంచి ప్రయోగించారు. 2021 మే 15న దాని రోవర్ జురోంగ్ అంగారకుడి మీద దిగింది. తియాన్‌వెన్-2 ఒక చిన్న గ్రహశకలం మట్టి తేవడానికి 2025 మేలో బయల్దేరింది.

కొత్తగా చదివేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

తియాన్‌వెన్‌తో మాత్రం వద్దు. చరిత్ర భాగంలో పేర్ల దగ్గర చిక్కుకుని వదిలేస్తారు. ముందు సు షి, తర్వాత జాంగ్ రువోషూ, ఆ తర్వాత షిన్ చీజీ. వాటి తర్వాత తియాన్‌వెన్ మొదటి 44 పాదాలు, అంటే ఆకాశం భాగం ఒక్కటి చదవండి. అది పట్టుకుంటే గున్ దాకా వెళ్లండి. మిగతాదానికి మంచి టీక ఉన్న అనువాదం కావాలి. ల్యూ జోంగ్‌యువాన్ జవాబులు పక్కన పెట్టుకుని ప్రశ్న ఒకటి, జవాబు ఒకటిగా చదివితే ఇంకా బాగుంటుంది.